పట్టీ ఎన్నో కన్నంలో ఉంది?

రాయగడ

తమ్ముడూ,

నీ కవరు చేరి పన్నెండు రోజులైంది. కథ మూడుసార్లు చదివాను. దాంతో పాటు పెట్టిన ఉత్తరాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్క పెట్టుకోలేదు. గుణుపురంలో ఒడియా బడిలో చదువుకున్నవాడివి, అక్షరం తప్పు లేకుండా తెలుగు రాశావు, సంతోషం. ఆ మాట చెప్పేశాను కాబట్టి ఇక అసలు సంగతికి వస్తాను. నీ కథ ఐదో పేజీ దగ్గర నాకు ఒళ్ళు మండింది.

అక్కడ నువ్వు రాసింది ఇది: "వెండి దుప్పటి కప్పుకున్న హిమగిరుల నడుమ స్నో స్కూటర్ ఆగిపోయింది. అతను ధైర్యం కూడగట్టుకుని సస్పెన్షన్ సరిచేశాడు. మరుక్షణం బండి సింహంలా ముందుకు దూకింది."

ఏం సరిచేశాడు? ముందు స్ప్రింగులా, వెనకవా, మధ్యలో ఉన్న పట్టీనా? బిగించాడా, వదిలాడా? కాలు విరిగిన తోటి జవానును వెనక కట్టుకుని, వేళ్ళు కొంకర్లు పోయే చలిలో ఒక మనిషి చేసిన పని అది. ఆ పని మీదే ప్రాణాలు ఆధారపడ్డాయి. దాన్ని రెండు మాటల్లో తేల్చేసి, మంచు మీద వెన్నెల ఎలా పడిందో మాత్రం పేజీన్నర రాశావు. వెన్నెల నేనూ చూశాను, చదివేవాళ్ళందరూ చూశారు. ఆ పట్టీని ఎవరూ చూడలేదు. నువ్వు చూశావు.

కోపంతో కథ పక్కన పెట్టి నీ ఉత్తరం తీశాను. కథ పంపడం ఎందుకు ఆలస్యమైందో చెప్తూ, మాటవరసకి, ఆ రోజు అసలేం జరిగిందో రాసుకొచ్చావు. అది చదువుతుంటే నా చేతిలో టీ చల్లారిపోయింది. నువ్వు రాయాల్సిన కథ ఆ ఉత్తరంలో ఉంది, తమ్ముడూ. నాకు అర్థమైనంత మళ్ళీ చెప్తాను, తప్పుంటే దిద్దు.

బండికి ముందు రెండు స్కీలు, అంటే మంచు మీద జారే పొడుగాటి పలకలు, వెనక పొడుగాటి రబ్బరు ట్రాక్. ట్రాక్ లోపలి చట్రానికి ముందొక షాక్, వెనకొక షాక్, కుదుపులు తట్టుకోవడానికి. చట్రం ముందు భాగం ఎంతవరకు కిందికి దిగాలో ఆపడానికి అటొకటి ఇటొకటి రెండు పట్టీలు, వాటికి కన్నాలు. మీకంటే ముందు ఆ బండి నడిపినవాళ్ళు దాన్ని గట్టిపడ్డ మంచు దారికి తగ్గట్టు పెట్టుకున్నారు. పట్టీలు పొట్టిగా బిగించి ఉన్నాయి. అలా ఉంటే బరువు స్కీల మీదకి వస్తుంది, గట్టి దారిలో మలుపు బాగా పట్టుకుంటుంది. అదే బండి నడుములోతు కొత్త మంచులోకి దిగేసరికి స్కీలు పైకి తేలలేదు, నాగలి కర్రులా లోపలికి దిగబడ్డాయి. హ్యాండిల్ తిప్పాలంటే భుజాలు ఊడిపోయాయి. ఎక్సిలేటర్ ఇచ్చిన కొద్దీ ట్రాక్ తన గొయ్యి తనే తవ్వుకుంది.

అప్పుడు నువ్వూ, ఇంకో జవానూ గాయపడ్డ మనిషిని టార్పాలిన్ మీద దించి, చేతులతో మంచు తోడి, బండిని పక్కకి పడుకోబెట్టారు. పట్టీల బోల్టులు తీసి ఒక్క కన్నం వదిలారు. రెండు పట్టీలూ ఒకే లెక్కలో ఉండాలి కాబట్టి రెండుసార్లు చూసుకున్నారు. పట్టీ మార్చినప్పుడు ట్రాక్ బిగువు కూడా మారుతుంది కాబట్టి అదీ చూశారు. ఒక బోల్టు బిగించి, కూర్చుని ఊపిరి పీల్చుకుని, రెండో బోల్టు బిగించారు. ఆ ఎత్తులో ఒకేసారి రెండూ బిగించే ఊపిరి మనిషికి ఉండదని రాశావు చూడు, ఆ వాక్యం కోసం నీ వెన్నెల మొత్తం ఇచ్చేస్తాను.

బండి తేలింది. స్కీల మీద బరువు తగ్గి ముక్కు పైకి లేచింది. ఇంకో కన్నం వదిలితే ఇంకా బాగా పోతుందని నీకు ఆశ పుట్టింది. వదిలావు. నిటారు చోటికి వచ్చేసరికి ముక్కు గాల్లోకి లేచి, నువ్వు హ్యాండిల్ ఎటు తిప్పినా బండి నేరుగానే పోయింది. మళ్ళీ ఆపి, మళ్ళీ పడుకోబెట్టి, ఒక కన్నం వెనక్కి తెచ్చావు. అక్కడే, వెనక బరువుకి తోక కుంగుతోందని గమనించి, స్ప్రింగు బిగువు మార్చే క్యామ్‌ను ఒక మెట్టు పైకి తిప్పావు. మూడుసార్లు బండి దిగావు, తమ్ముడూ! ఒకసారి సరిగ్గా చేశావు, ఒకసారి ఆశకి పోయి తప్పు చేశావు, ఒకసారి తప్పు దిద్దుకున్నావు. కథకి ఇంతకంటే ఏం కావాలి? నీ సింహం ఎందుకు?

ఇవన్నీ పాఠకుడికి ఎలా అర్థమవుతాయని నీ ఉత్తరం చివర్లో అడిగావు. మంచే చూడని మన జిల్లాల వాళ్ళకి స్నో స్కూటర్ పట్టీ ఎక్కడ అర్థమవుతుందని నీ భయం. నువ్వు డోలీ చూసినవాడివి కాదా? కొండ మీది ఊళ్ళ నుంచి పురిటి నొప్పులొచ్చిన మనిషిని డోలీ కట్టి రోడ్డుకి దించడం మన దగ్గర పిల్లలకి కూడా తెలుసు. ఎక్కేటప్పుడు పొట్టివాడు ముందు, పొడుగువాడు వెనక. దిగేటప్పుడు మారతారు, పొడుగువాడు ముందుకొస్తాడు. ఎందుకు? వాలులో కర్ర సమంగా ఉండాలని, బరువంతా కింద ఉన్నవాడి భుజం మీదకి జారకూడదని. ఇది ఎవరూ బోర్డు మీద రాసి నేర్పలేదు. భుజాలకి తెలుసు. నువ్వు పట్టీ ఒక కన్నం వదలడం, వాళ్ళు మనిషిని మార్చుకోవడం ఒక్కటే పని. కొండకి, బరువుకి మధ్య రాజీ కుదర్చడం. డోలీ మోసినవాడి కొడుకు నీ కథ చదివితే పట్టీ సంగతి అందరికంటే ముందు వాడికే అర్థమవుతుంది. పాఠకుడిని తక్కువ చేసి చూడకు.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నాకు జరిగింది కాబట్టి. సాలూరు నుంచి సుంకి మీదుగా కొరాపుట్ ఎక్కే ఘాట్ రోడ్డు నీకు తెలుసు. ఆ దారిలో ఒక లారీ షెడ్డులో ఎనిమిదేళ్ళు పనిచేశాను. నా మొదటి కథలన్నీ బిల్లు పుస్తకం వెనక రాసినవే. లోడు లారీ ఒక పక్కకి ఒరిగి వస్తే, మా మిస్త్రీ ముందు డ్రైవర్ని ఏమీ అడిగేవాడు కాదు. ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన ఉక్కు పట్టీల కమాను కట్ట దగ్గర గొంతుక్కూర్చుని, టార్చి వేసి, పట్టీల మధ్య ఎర్రటి గీత కోసం చూసేవాడు. పట్టీ విరిగిన చోట ఒకదానికొకటి రాసుకుని సన్నటి తుప్పుపొడి రాలుతుంది. వేలితో తీసి చూపించేవాడు, కుంకుమలా ఉండేది. జాకీ ఎత్తి, యూ బోల్టులు విప్పి, కట్టని బిగించి పట్టుకుని సెంటర్ బోల్టు తీస్తుంటే, లోపల ఉన్న బిగువుకి పట్టీలు ఎప్పుడు ఎగిరి ముఖం మీదకి వస్తాయోనని గుండె చేతిలోకి వచ్చేది.

ఆ పని మీద ఒక కథ రాశాను. తండ్రి చనిపోయాడని కబురొచ్చిన కుర్రాడు, విప్పిన కట్టని మధ్యలో వదలలేక, మెయిన్ పట్టీ వేసి బిగించాకే ఊరికి బయల్దేరతాడు. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. ఒక వారపత్రిక వేసుకుంది. పత్రిక విశాఖ నుంచి బండిలో వచ్చేదాకా స్టేషన్లో నిలబడ్డాను. తెరిచి చూస్తే, నేను మూడు పేరాల్లో రాసిన పని మొత్తం పోయింది. దాని బదులు ఒక్క వాక్యం: "అతను లారీ బాగుచేశాడు." నేను పానా అని రాసిన చోటల్లా పనిముట్టు అని దిద్దారు. అడిగితే, సాంకేతిక వివరాలు పాఠకులకి విసుగు అన్నారు. ఆ మూడు పేరాల్లోనే ఆ కుర్రాడి ఏడుపు ఉంది. బయటికి ఏడవనివాడు కాబట్టే చేతులతో పని చేశాడు. పని తీసేస్తే, తండ్రి పోయినా లారీ దగ్గర కూర్చున్న మూర్ఖుడు మాత్రం మిగిలాడు. ఊళ్ళో వాళ్ళు నన్ను అదే అడిగారు, ఆ కుర్రాడికి మనసు లేదా అని. ఆ సంపాదకుడు ఇప్పుడు లేడు, అయినా ఆ నొప్పి పోలేదు. నాకు అతను చేసిన పని నువ్వు నీ కథకి నీ చేతులతోనే చేసుకున్నావు. అందుకే అంత కోపం వచ్చింది.

మాటల సంగతి కూడా చెప్పాలి. ఉత్తరంలో పట్టీ, కన్నం, క్యామ్, షాక్ అని రాసినవాడివి, కథలోకి వచ్చేసరికి ఉపకరణం, యంత్రభాగం అంటావేం? పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకున్నది సవరల నోటి నుంచే. జనం మాట్లాడే తెలుగే రాయాలని జీవితమంతా పోరాడిన మనిషి. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది, మనమూ ఇటు ఉండిపోయాం. అంతమాత్రాన మన తెలుగు తక్కువైపోలేదు. మన షెడ్డుల్లో ఒడియా, హిందీ, తెలుగు కలిసిపోయి పుట్టిన మాటలున్నాయి. మీ యూనిట్లో పంజాబీ కూడా కలిసి ఉంటుంది. ఆ బోల్టు విప్పేటప్పుడు నీ పక్కవాడు ఏమని అరిచాడో ఆ మాటే రాయి.

కథ మొదట్లో మంచు బండి చరిత్ర ఒక పేరా పెట్టావు. కెనడాలోని క్యుబెక్‌లో జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే అనే మెకానిక్కు రెండేళ్ళ కొడుకు 1934 చలికాలంలో అపెండిసైటిస్‌తో చనిపోవడం, మంచు మూసేసిన దారిలో ఆసుపత్రికి చేర్చలేకపోవడం, 1937లో ట్రాక్‌ని నడిపే పళ్ళచక్రానికి పేటెంటు, 1959లో స్కీ-డూ అనే చిన్న మంచు బండి. వరసగా అప్పజెప్పినట్టు ఉంది. దాన్ని తీసెయ్యమనను, చోటు మార్చు. మొదటి బోల్టుకి, రెండో బోల్టుకి మధ్య మీరు ఊపిరి కోసం కూర్చున్నారే, అక్కడ టార్పాలిన్ మీద పడుకున్నవాడు వింటుండగా ఎవరో ఒకరు చెప్పాలి. బిడ్డని పోగొట్టుకున్నవాడు పళ్ళచక్రం పళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడని చెప్తే చాలు.

ముగింపు మార్చు. గాయపడ్డవాడు చిన్నప్పటి శత్రువని చివరి పేరాలో బయటపెట్టావు. ఇది పోటీ కథల జబ్బు. చివర్లో మెరుపు ఉంటేనే బహుమతి అని ఎవరో చెప్తే, కుర్రాళ్ళు మెరుపు ముందు రాసుకుని వెనక్కి కథ అల్లుతున్నారు. ఈ పదేళ్ళలో నా దగ్గరికి వచ్చిన రాతప్రతుల్లో సగం ఇలాగే ఉన్నాయి, చదవడానికి బాధగా ఉంది. వాడు నీకు ఎవరూ కాడు. ఎవరూ కానివాడి కోసమే మూడుసార్లు బండి దిగావు.

కొండకి అడ్డంగా పోయిన ఘట్టం కథలో అసలు లేదు, ఉత్తరంలో రెండు వాక్యాలే ఉంది. దాన్ని పెంచు. దిగువ వైపు జారిపోకుండా నువ్వు ఎగువ వైపు పాదపలక మీదే రెండు కాళ్ళూ పెట్టి నిలబడ్డావు. బండిని కొండ వైపు ఒరగదీసి, దిగువ స్కీ మంచుని తాకకుండా నడిపావు. కొండ బండ్లకి స్కీల మధ్య వెడల్పు తక్కువ ఉండేది, ముందు స్ప్రింగులు మెత్తగా ఉంచేది ఆ ఒరగడం కోసమేనన్నావు. ముందు గట్టిగా ఉంటే బండి మళ్ళీ మళ్ళీ నిటారవుతూ మనిషిని లోయ వైపు తోస్తుందన్నావు. చదువుతుంటే నా కుడి కాలు దానంతటదే బిగుసుకుంది.

ఏ పత్రికకి పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. ఇప్పుడు వాటి జోలికి పోను. సెలవు అయిపోయేలోపు ఐదో పేజీ నుంచి మళ్ళీ రాసి పంపు.

ఒక్కటి మాత్రం ఉత్తరంలో కూడా దొరకలేదు. మా షెడ్డులో రెండు చేతులకీ పని ఉంటే బోల్టు పళ్ళ మధ్య పెట్టుకునేవాళ్ళం. మీ దగ్గర ఆ చలికి ఇనుము పెదవికి అంటుకుపోతుంది కదా. మంచులో పెడితే కనపడకుండా పోతుంది. జేబులో పెడితే గ్లవ్ తియ్యాలి. మరి పట్టీ ఒక కన్నంలోంచి ఇంకో కన్నానికి మార్చేటప్పుడు ఆ బోల్టు ఎక్కడ పెట్టుకున్నావు?