వంటింట్లో అర్ధరాత్రి సేద్యం

సమస్య: నాకు 34 ఏళ్ళు. తిరుపతిలో ఉంటాం, ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పని చేస్తాను. బాబు రెండో తరగతి, పాపకు మూడేళ్ళు. అత్తగారు మాతోనే ఉంటారు. పిల్లలు పడుకున్నాక పాత లాప్‌టాప్‌లో స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం గేమ్ ఆడుకుంటాను. వారంలో రెండు మూడు రోజులు ఒంటిగంట దాటుతుంది, మళ్ళీ ఐదున్నరకు లేచి క్యారియర్లు కట్టాలి. మొన్న రాత్రి అత్తగారు మంచినీళ్ళకు లేచి నన్ను చూసి రమ్మీ ఆడుతున్నాననుకున్నారు. మా వీధిలో ఒకబ్బాయి అలాగే ఆడి బండి అమ్ముకున్నాడు, అదీ ఆమె భయం. మర్నాడు పెద్ద గొడవ. ఆ గొడవలోనే నేను సేల్‌లో రూ.2,300 పెట్టి 11 గేములు కొన్న సంగతి మా ఆయనకు తెలిసిపోయింది. వాటిలో తొమ్మిది తెరిచి కూడా చూడలేదు. ఇద్దరు పిల్లల తల్లికి ఈ పిచ్చేంటి అంటున్నారు. ఇది వ్యసనమేనా? అన్నీ తీసేయమంటారా?

సలహా: తీసేయొద్దమ్మా. ముందు ఆ మాట చెప్పేస్తే మిగతాది టెన్షన్ లేకుండా చదువుతారు.

అత్తగారి మీద కోపం మాత్రం కాస్త తగ్గించుకోండి. వీధిలో ఒక కుర్రాడు కళ్ళముందే బండి పోగొట్టుకున్నాక, లైటు ఆర్పేసిన వంటింట్లో స్క్రీను వెలుతురులో కూర్చున్న కోడలిని చూస్తే ఏ పెద్దావిడకైనా గుండె ఝల్లుమంటుంది. ఈ ఆట వేరు, ఆ ఆట వేరు అని ఆమెకు ఎవరు చెప్పారు గనక? డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ లాంటివి మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. మీదాంట్లో పందెం అనేదే లేదు. ఒకసారి డబ్బిచ్చి కొన్నారు, అక్కడితో లెక్క తెగిపోయింది, గెలిస్తే రూపాయి రాదు, ఓడితే రూపాయి పోదు. ఈ ముక్క మీ ఆయన చేత చెప్పించండి, మీరు చెబితే తప్పు కప్పిపుచ్చుకుంటున్నట్టు వినిపిస్తుంది.

ఇక వ్యసనం సంగతి. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో గేమింగ్ డిజార్డర్ అని ఒకటుంది. ఆట ఎప్పుడు మొదలుపెట్టాలో ఎప్పుడు ఆపాలో మన చేతిలో లేకపోవడం, తక్కిన పనులన్నీ దానికింద పడిపోవడం, నష్టం కళ్ళకు కనబడుతున్నా మానలేకపోవడం, ఇవన్నీ మామూలుగా ఏడాదిపాటు సాగితే దాన్ని జబ్బు కింద లెక్కేస్తారు. మీరు ఉద్యోగం చేస్తున్నారు, క్యారియర్లు కడుతున్నారు, పాప ఏడిస్తే ఆట మధ్యలో వదిలేసి పరుగెత్తానని అదే ఉత్తరంలో రాశారు. మీది ఆ జబ్బు కాదు. నిజంగా చెయ్యి దాటిపోయినవాళ్ళ కోసం బెంగళూరు నిమ్హాన్స్‌లో షట్ క్లినిక్ అని ప్రత్యేకంగా ఉంది, మీరు బస్సెక్కాల్సిన పనిలేదు.

కానీ ఒంటిగంటకు పడుకుని ఐదున్నరకు లేవడం ఏమిటి? గొడవలో ఎవరూ అనని మాట ఇది, నేను అంటున్నా. నాలుగున్నర గంటల నిద్రతో పొద్దున పిల్లాడి మీద అరిస్తే అది ఆట ఖాతాలోకే పోతుంది. అసలు మీరు ఒంటిగంట దాకా ఎందుకు ఆడుతున్నారో నాకైతే తెలిసినట్టే ఉంది. అడిగి తీసుకున్న సమయం కాదు గనక. ఎవరు లేస్తారో, ఎప్పుడు మూసేయాల్సి వస్తుందో తెలీదు, ఒక చెవి గదివైపు పెట్టి ఆడితే గంట ఆడినా ఆడినట్టుండదు, ఇంకొంచెం ఇంకొంచెం అనుకుంటూ పోతారు. మీరు రాసిన ఆ రాత్రే తీసుకోండి. లాప్‌టాప్ బ్యాటరీ పాడైపోయి ఎప్పుడూ ప్లగ్గులోనే ఉండాలి, పాప ఏడుపు విని లేవబోతే కాలికి వైరు తగిలి ఊడింది, స్క్రీను నల్లబడింది, నీళ్ళు పట్టి కోసుకున్న పంటంతా పోయింది, పాపను జోకొడుతూ మీరు కూడా ఏడ్చారు. నవ్వొచ్చే విషయం కాదిది. ఆ ఆటలో మన మనిషి మంచమెక్కి పడుకుంటేనే ఆ రోజు సేవ్ అవుతుంది మరి. అయితే అందులో ఒక రోజంటే మన లెక్కలో దాదాపు 14 నిమిషాలే. రెండు రోజులో, మూడు రోజులో అని ముందే అనుకుని కూర్చోండి. మధ్యలో పాప లేస్తే ఆటలో మన మనిషి సామాన్ల సంచీ తెరిచి వదిలేయండి, ఒక్కరే ఆడేటప్పుడు అది తెరిచి ఉన్నంతసేపూ అక్కడ గడియారం కదలదు. ఇంకో ప్లగ్గు దగ్గరికి మారండి, లేదా కొత్త బ్యాటరీ వేయించండి, మీరు తెరవని తొమ్మిది గేముల డబ్బులు అందులో కొంతైనా పనికొచ్చేవి.

ఆ తొమ్మిదికే వస్తున్నా. ఆషాఢం సేల్‌లో గాంధీ రోడ్డుకు ఒక్క జాకెట్టు గుడ్డ కోసం పోయి నాలుగు చీరలు మోసుకొచ్చినవాళ్ళమే మనమంతా, అందుకని నేను మరీ నీతులు చెప్పను. ఆడే తీరిక లేనివాళ్ళే ఎక్కువ కొంటారు, కొంటే ఆ తీరిక కూడా వచ్చినట్టు అనిపిస్తుంది కాబోలు. గేములు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో ఏడాదికి నాలుగు పెద్ద సేల్స్ వస్తాయి, ఈసారి పోతే మూడు నెలల్లో ఇంకోటి, తొందరేమీ లేదు. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. తెరవనివాటిలో ఈమధ్య కొన్నవి ఉంటే ఇవాళే అడగండి. అలాంటిదే ఇంకో దుకాణం, ఎపిక్ వాళ్ళు ప్రతి గురువారం రాత్రి ఉచితంగా ఇచ్చేవి కూడా ఊరికే పోగేసుకోవద్దు, మీకు కరువైంది సమయం గానీ ఆటలు కాదు. ఉన్నవాటిలో ఒకటి పూర్తయ్యేదాకా ఇంకోటి కొననని మీ ఆయనతో చెప్పండి, చెప్పి నిలబడండి. ఆయన కోపం 2,300 మీద కాదు, దాచినందుకు. నలుగురూ కలిసి రెండు మూడుసార్లు సినిమాకు పోయొస్తే అయ్యే డబ్బే కదా అది, ఆయనకూ తెలుసు.

పాత లాప్‌టాప్ అని బాధపడక్కర్లేదు, మీలాంటివాళ్ళకు కుదిరే ఆటలన్నీ దాదాపు అందులో నడిచేవే. వాంపైర్ సర్వైవర్స్‌లో ఒక ఆట మహా అయితే అరగంట, టైమైపోతే ఆటే ముగించేస్తుంది. స్లే ద స్పైర్‌ను మధ్యలో మూసి మూడు రోజుల తర్వాత తెరిచినా అక్కడి నుంచే అందుకోవచ్చు. బలాట్రో కూడా అంతే, దాంట్లో నిజం డబ్బు ఊసే లేదు, కానీ తెర నిండా పేకముక్కలు కనబడతాయి, కాబట్టి ఇప్పట్లో అత్తగారున్నప్పుడు మాత్రం తెరవకండి తల్లీ.

మీ ఆయన ప్రతి ఆదివారం పొద్దున క్రికెట్‌కు యూనివర్సిటీ గ్రౌండ్‌కు పోయి పదకొండుకు వస్తారని రాశారు. ఇద్దరు పిల్లల తండ్రికి ఈ పిచ్చేంటని ఎవరైనా అడిగారా? అడగక్కర్లేదు కూడా, ఆడుకోనివ్వండి. దానికి బదులుగా వారంలో రెండు రాత్రులు తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా పిల్లలు ఆయన పూచీ అనండి. మంగళ, శుక్రవారాలు తలస్నానాలూ పూజలూ ఉంటాయి, బుధ, శనివారాలు పెట్టుకోండి. హాల్లో, లైటు వేసుకుని, కుర్చీలో కూర్చుని ఆడండి, వంటింటి గట్టు మీద కాదు. పదిన్నరకు మూసేయండి. మొదట్లో గంట ఏ మూలకూ సరిపోదనిపిస్తుంది, రెండు వారాలు చూడండి.

బాబు అడుగుతాడు, తప్పదు. సూపర్‌టక్స్‌కార్ట్ అని ఉచితంగా దొరికే రేసు ఆట ఉంది, ఒకే కీబోర్డు మీద ఇద్దరూ ఆడొచ్చు, నెట్ కూడా అక్కర్లేదు. ఆదివారం అరగంట వాడితో ఆడండి. పాపకు ఇప్పుడే వద్దు. ఫోన్లో ఉచితమంటూ మొదలై పది నిమిషాలకోసారి రత్నాలు కొనమనే గేములు మాత్రం ఇద్దరికీ అలవాటు చేయకండి, అవి మీ 2,300ను ఒక్క నెలలో దాటించేస్తాయి.

మా అవ్వ ఎనభై ఏళ్ళ వయసులో అరుగు మీద బొగ్గుతో గీతలు గీసి, మూడు పులులకు గులకరాళ్ళు, పదిహేను మేకలకు చింతగింజలు పేర్చి, మధ్యాహ్నం మాతో పులిజూదం ఆడేది. మేం గెలుస్తుంటే గింజలు దొంగిలించేది కూడా. ఇంటి కోడళ్ళు నవ్వుకునేవాళ్ళు తప్ప ఆ వయసులో ఈ ఆటేంటని ఎవరూ అనలేదు.

అత్తగారిది పలమనేరు దగ్గర పల్లె, టమోటా పండించిన కుటుంబం అని రాశారు కదా. ఒక సాయంత్రం సీరియల్ అయ్యాక లాప్‌టాప్ ఆమె ముందు పెట్టి, మీ పొలంలో టమోటా వేసిన చోటు చూపించండి. ఆ ఆటలో ఎండాకాలంలోనే వేయాలి, ఒకసారి కాపుకొస్తే ఆ కాలం అయిపోయేదాకా కాస్తూనే ఉంటుంది. ఇంకో సంగతి కూడా చెప్పండి, అక్కడ ఎన్ని బుట్టలు తీసుకుపోయినా రేటు పడిపోదు. మదనపల్లె మార్కెట్లో ధర లేక సరుకు పారబోయడం చూసినావిడ, ఆ మాట విని ఏమంటారో నాకు రాయండి.