పిల్లలకీ పెద్దలకీ ఒకే మడత స్కూటర్: ముందు చక్రం చూడండి

తొమ్మిదేళ్ల బాబుకీ మీకూ కలిపి కాలితో నెట్టే మడత స్కూటర్ ఒకటే కొంటే సరిపోతుందా అని అడిగారు. భేషుగ్గా సరిపోతుంది. కాకపోతే పెద్దవాళ్ల కొలతకి కొని, హ్యాండిల్ దించి బాబుకివ్వండి. పిల్లల స్కూటర్ కొని హ్యాండిల్ పైకి లాగి మీరు తొక్కుదామంటే కుదరదు. పిల్లల వాటిలో చాలావరకు 50 కిలోలకి మించి మోయవు, పెద్దవైతే 100 కిలోల దాకా మోస్తాయి. పెట్టె మీద రాసే ఉంటుంది. బాబుని షాపుకి తీసుకెళ్లి స్కూటర్ పలక మీద నిలబెట్టండి. హ్యాండిల్ మొత్తం దించాక పిడులు వాడి నడుము దగ్గరికి వస్తే చాలు.

నన్నడిగితే అన్నిటికంటే ముందు చూడాల్సింది చక్రం. షాపులో నున్నటి టైల్స్ మీద ఏ స్కూటరైనా జర్రున పోతుంది. మన పార్కింగ్ టైల్స్ మీద, స్పీడ్ బ్రేకర్ల మీద తెలుస్తుంది అసలు సంగతి. చిన్న స్కూటర్లకి చక్రం వ్యాసం 100 మిల్లీమీటర్లు ఉంటుంది, పెద్దవాళ్ల వాటికి 200. ఈ తేడా ఎంతదో మా మామగారు చూపించారు.

మా అమ్మాయి పుట్టినరోజుకి బంధువులు చిన్న చక్రాల స్కూటర్ ఇచ్చారు. మేముండేది కొండాపూర్‌లో అపార్ట్‌మెంట్. గేటు లోపల వాననీటి కాలువ మీద ఇనప జాలీ ఉంది, అందులో ఒక కమ్మీ ఎప్పుడో విరిగిపోయింది. ఓ సాయంత్రం పిల్ల దాని మీదుగా వస్తుంటే ముందు చక్రం ఆ సందులో పడింది. స్కూటర్ ఉన్నచోటే ఆగిపోయింది, పిల్ల మాత్రం ముందుకెళ్లి బోర్లాపడింది. రెండు అరచేతులూ గీరుకుపోయాయి, గడ్డం కింద కుట్లు పడ్డాయి.

మామగారు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. మర్నాడు పొద్దున్నే ఆ జాలీ దగ్గర గొంతుక్కూర్చుని, "అమ్మా, వంటింట్లోంచి పెద్ద స్టీలు డబ్బా మూత ఒకటి పట్రా" అన్నారు. స్కూటర్ ముందు చక్రాన్ని సందులో పెట్టారు. బొటనవేలి వెడల్పున లోపలికి దిగింది. దాన్ని తీసి, చక్రానికి రెట్టింపు ఉన్న మూతని అదే సందులో నిలబెట్టారు. అది అందులో సగం కూడా దిగలేదు. "చూశావా? పిల్ల తొక్కడంలో ఏం తప్పు లేదు. ఈ చక్రం ఈ నేలకి చాలదు" అన్నారు. నేను ఎవరికి స్కూటర్ గురించి చెప్పినా ఆ మూత సంగతే చెప్తాను.

ఇంతా చేస్తే అసోసియేషన్ వాళ్లు ఏం చేశారో తెలుసా? విరిగిన కమ్మీ వేయించకుండా, లిఫ్టు పక్కన "ఆవరణలో సైకిళ్లు, స్కూటర్లు, స్కేటింగ్ నిషేధం" అని కాగితం అంటించారు. వెల్డింగ్ చేసే మనిషికి అది పావుగంట పని! ర్యాంపు మీద కార్లు హారన్ కూడా కొట్టకుండా దూసుకొస్తాయి, వాటికి ఏ నిషేధమూ లేదు. మెయింటెనెన్స్ డబ్బులు అందరం కడుతున్నాం, మరి పిల్లలు ఎక్కడ ఆడుకోవాలి? బయట ఫుట్‌పాత్ మీద బండ్లు, తోపుడుబళ్లు, ట్రాన్స్‌ఫార్మర్లు. ఈ మాట మీటింగులో గట్టిగానే అడిగాను. జవాబు రాలేదు. చివరికి మామగారే మనిషిని పిలిపించి కమ్మీ వేయించారు. కాగితం ఇంకా గోడ మీదే ఉంది, పిల్లలు మాత్రం తొక్కుకుంటున్నారు. ఇళ్లలో పిల్లలు ఫోన్లు వదలట్లేదని బాధపడేవాళ్లు ముందు ఇలాంటి కాగితాలు పీకించాలి.

ఇక మీ సంగతి. పెద్దవాళ్లు తొక్కితే నలుగురూ నవ్వుతారేమో అన్న మొహమాటం వదిలేయండి. ఈ మడత స్కూటర్‌ని మళ్లీ వాడుకలోకి తెచ్చిన మనిషే పెద్దవాడు. 1990ల్లో జ్యూరిక్‌లో విమ్ ఔబోటర్ అనే ఆయనకి ఇష్టమైన సాసేజ్ కొట్టు నడవడానికి దూరం, బండి తీయడానికి దగ్గర. అలాంటి దూరానికనే తయారుచేసుకున్నాడు. 2000 నాటికి రేజర్ పేరుతో అమెరికా పిల్లల చేతుల్లోకి వెళ్లాక అది బొమ్మల జాబితాలో చేరిపోయింది. మన మెట్రో స్టేషన్ నుంచి ఇంటికి ఉండేది సరిగ్గా అలాంటి దూరమే, దానికి ఆటోవాళ్లతో రోజూ బేరమాడుతున్నాం.

మోకాళ్ల కోసం ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. నిలబడే పలక నేలకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. పలక ఎత్తుగా ఉంటే నెట్టిన ప్రతిసారీ నిలబడ్డ మోకాలు ఎక్కువ వంగాలి, పది నిమిషాలకే పీకుతుంది. మధ్యమధ్యలో కాలు మార్చుకోండి. చున్నీ వేసుకునేవాళ్లయితే నడుముకి గట్టిగా కట్టుకోవాలి, చక్రంలో పడితే ప్రమాదం. వెనక మడ్‌గార్డ్‌ని కాలితో తొక్కితే పడే బ్రేకు ఒక్కటే ఉన్న స్కూటర్‌ని వానలో బయటికి తీయొద్దు, తడిస్తే ఆ బ్రేకు పట్టదు. చేతి బ్రేకు కూడా ఉన్నది దొరికితే ఇంకో వెయ్యి ఎక్కువైనా అదే తీసుకోండి. హెల్మెట్ ఇద్దరికీ కావాలి, వాడికి మాత్రమే పెట్టి మీరు ఊరుకుంటే వాడు పెట్టుకోడు.

షాపువాళ్లు ఏబెక్ 7, ఏబెక్ 9 అని ఊరిస్తారు. అది బేరింగ్‌ని ఎంత కచ్చితమైన కొలతతో చేశారో చెప్పే గ్రేడు, అంతే. దుమ్ము పట్టిన 9 కంటే శుభ్రంగా ఉన్న 5 నయం. స్కేట్లకి వేసే 608 బేరింగే దీనికీ ఉంటుంది, లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయటి కొలత 22. చక్రం గరగరమంటుంటే బేరింగ్ ఊడదీసి, మూత తీసి కిరోసిన్‌లో నానబెట్టి, బాగా ఆరాక కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేయండి. అప్పటికీ గరగర పోకపోతే కొత్త బేరింగ్ వేయించుకోవడమే. మడత దగ్గర బిగింపు మాత్రం తొక్కే ముందు రోజూ చూసుకోవాలి. ముందు చక్రాన్ని రెండు కాళ్ల మధ్య పట్టి హ్యాండిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి. టకటకమంటే అలెన్ కీతో బోల్టు బిగించాకే బాబుకివ్వండి.