స్టాంపు ఒక్కటే ఏమీ చెప్పదు

పాత ఉత్తరాల గురించి సందేహాలుంటే రాయమని పోయిన సంచికలో అడిగాను. సంచీడు ఉత్తరాలు వచ్చాయి. సంచీడు అంటే పదిహేడు. ముప్పై నాలుగేళ్లు కోనసీమ పోస్టాఫీసుల్లో ముద్ర కొట్టినవాడికి ఈ రోజుల్లో పదిహేడు ఉత్తరాలంటే సంచీ నిండినట్టే. అందులో కొన్నిటికి ఇక్కడ జవాబు చెబుతున్నాను. "నా దగ్గర ఉన్న స్టాంపు ఎంత పలుకుతుంది?" అని మాత్రమే రాసినవారికి చెప్పడం లేదు. నేను బేరగాణ్ణి కాను.

ప్రశ్న: మా మామగారు పోయాక ఆయన ట్రంకు పెట్టెలో రెండు వందలకు పైగా పాత కార్డులు, కవర్లు కనిపించాయి. చాలావాటికి మధ్యలో చిల్లు ఉంది. మా మనవడు స్టాంపులన్నీ నీళ్లలో నానబెట్టి, ఊడదీసి ఆల్బంలో పెట్టుకుంటానంటున్నాడు. తీయనివ్వవచ్చా? — ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: వద్దమ్మా. ముందు ఆ గిన్నెలో నీళ్లు పారబోయించి, ఆ తరువాత మిగతా జవాబు చదవండి.

మీ మనవడి మీద కోపం లేదు. పదేళ్ల వయసులో నేనూ అదే పని చేశాను. మా చినతాత రంగూన్‌లో బియ్యం మిల్లులో పనిచేసేవాడు. ఆ కాలంలో మన వైపు నుంచి కాకినాడలో పొగఓడ ఎక్కి బర్మా వెళ్లినవాళ్లు ఇంటికొకరు ఉండేవారు. కోరంగి రేవు పేరు మీదే అక్కడివాళ్లు తెలుగు కూలీలను కోరంగీలు అని పిలిచారు. ఆయన మా తాతకు రాసిన కవర్లు పధ్నాలుగు ఉండేవి. ఒక ఆదివారం ఇత్తడి గిన్నెలో నీళ్లు పోసి పదమూడు కవర్ల నుంచి స్టాంపులు ఊడదీశాను. ఎండలో ఆరబెట్టి, మైదా జిగురుతో నోటుపుస్తకంలో అంటించాను. తడిసిన కవర్లు మా అమ్మ పొయ్యిలో పెట్టింది. పధ్నాలుగోదాని స్టాంపు సగం చిరిగిపోయి ఉండటంతో నాకు అక్కరలేకపోయింది. అందుకే అది బతికింది.

నేను చేసిన నష్టం ఎంతో పోస్టాఫీసు ఉద్యోగంలో చేరాక గానీ తెలియలేదు. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి విడదీసే దాకా అక్కడ మన స్టాంపులే చెల్లేవి. ఆ రోజు నుంచే వాటి మీద "బర్మా" అని అచ్చు వేశారు. మా చినతాత ఉత్తరాలన్నీ అంతకు ముందువి. నేను ఊడదీసిన అయిదో జార్జి బొమ్మలు పదమూడూ రంగూన్‌లో అతికించినవో రాజోలులో అతికించినవో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. స్టాంపు మీద పడింది ముద్రలో పావు వంతు, మిగతాది కవరు మీద ఉండిపోయింది. కవరేమో పొయ్యిలోకి పోయింది. మిగిలిన ఆ ఒక్క కవరు మాత్రం కథంతా చెబుతుంది. ముందువైపు రంగూన్ ముద్ర 1936 ఫిబ్రవరి 11, వెనక కాకినాడ ముద్ర, దాని పక్కన అమలాపురం ముద్ర 19వ తేదీ. సముద్రం దాటి, ఏరు దాటి ఎనిమిది రోజుల్లో వచ్చింది. 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడ్డాక ఆయన కాలినడకన బయలుదేరి వచ్చాడని ఇంట్లో చెప్పుకునేవారు. ఆ నడక గురించి ఉత్తరమేదీ లేదు.

కాబట్టి కవరును కవరుగానే ఉంచండి. చిల్లుల గురించి దిగులు పడకండి. గోడకు వేలాడదీసిన ఇనుప తీగకు ఉత్తరాలు గుచ్చుకోవడం మన ఇళ్లలో ఫైలు పెట్టుకోవడంతో సమానం. చిల్లు ఉన్న కార్డు చూస్తే నాకు ముచ్చటే, ఎవరో దాన్ని పారేయకుండా దాచుకున్నారని అర్థం. తీగ మీద ఏ వరుసలో ఉన్నాయో ఆ వరుస చెడగొట్టకుండా పైనుంచి పెన్సిలుతో సన్నగా అంకెలు వేసి, ఆ తరువాతే బయటికి తీయండి.

ప్రశ్న: 1912 నాటి కార్డు ఒకటి నా దగ్గర ఉంది. చిరునామా ఇంగ్లీషులో "నర్సాపూర్, కిస్ట్నా జిల్లా" అని రాసి ఉంది. నరసాపురం పశ్చిమ గోదావరి కదా. ఇది నకిలీయా, రాసినవారి పొరపాటా? — ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: రెండూ కాదు. రాసినాయన మనకంటే తెలిసినవాడు. 1859 నుంచి ఉన్న గోదావరి జిల్లాలోంచి 1904లో ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం తాలూకాలను తీసి కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడే దాకా మీ భీమవరం కూడా కృష్ణాజిల్లాయే. అదే కార్డు మీద "పశ్చిమ గోదావరి" అని ఉండి ఉంటే నేను అనుమానించేవాణ్ణి.

తేదీ చెరిగిపోయిన కార్డులను ఇలాంటి ఆనవాళ్లతోనే పట్టుకోవాలి. ముద్రలో ఎల్లూరు అని ఉందా, ఏలూరు అని ఉందా? కోకనాడా, కాకినాడా? స్టాంపు విలువ అణాల్లో ఉంటే అది 1957 ఏప్రిల్‌కు ముందు అచ్చయినది. "నయా పైసలు" అని ఉంటే ఆ తరువాత ఏడేళ్లలోనిది. చిరునామాలో పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు 15 తరువాతిది. ఆరో జార్జి బొమ్మ కనిపించగానే స్వాతంత్ర్యానికి ముందుదని తేల్చేయకండి. ఆ స్టాంపులు 1947 తరువాత కూడా అమ్మారు, మన సొంత మామూలు స్టాంపుల వరస 1949 ఆగస్టు 15న గానీ రాలేదు. 2022లో జిల్లాలను మళ్లీ ముక్కలు చేశారు గాని పిన్‌కోడు జోలికి వెళ్లలేదు. అమలాపురం ఈనాటికీ 533తోనే, మీ భీమవరం, ఏలూరు రెండూ 534తోనే మొదలవుతాయి. రేపు ఎవరైనా మన కవర్లు చదివితే ఇక్కడ తప్పకుండా తికమకపడతారు.

ప్రశ్న: మా అమ్మమ్మగారి పెట్టెలో ఫ్రెంచి స్టాంపులున్న కవర్లు పదకొండు దొరికాయి. ఒకాయన వచ్చి గంపగుత్తగా కొంటానంటున్నాడు. ఇవి నిజంగా యానాంవేనా? — ఒక పాఠకురాలు, యానాం

జవాబు: గంపగుత్త బేరానికి వచ్చినవాడికి మీకంటే ఎక్కువ తెలిసి ఉంటుంది. తొందరపడకండి.

ఇక్కడ కూడా స్టాంపు చూసి ఏమీ తేల్చలేం. 1892 నుంచి పుదుచ్చేరి, కారైకాల్, మాహె, చందర్‌నగర్, యానాం అయిదింటికీ ఒకే స్టాంపులు నడిచాయి. యానాందని చెప్పవలసింది ముద్రే. ఫ్రెంచి వర్తనిలో ఊరి పేరు చివర "ఎమ్" ఉండదు, "ఎన్" ఉంటుంది. విలువ కూడా చూడండి. 1923కు ముందువి ఫ్రాంకుల లెక్క. ఆ తరువాతవి ఫనాలు, కాసుల లెక్క: ఇరవై నాలుగు కాసులు ఒక ఫనం, ఎనిమిది ఫనాలు ఒక రూపాయి. 1954 నవంబరు 1న పాలన మన చేతికి వచ్చింది, అక్కడి నుంచి మన స్టాంపులే. అంతకు ముందు జూన్ 13న యానాం విలీనవాదుల చేతిలోకి వచ్చింది. ఈ రెండు తేదీల మధ్య ముద్ర పడిన కవరు మీ పదకొండులో ఒక్కటి ఉన్నా దాన్ని విడిగా తీసి పెట్టి, తెలిసినవారికి చూపే దాకా ఎవరికీ ఇవ్వకండి.

ఇంకొక మాట. వరసలోని స్టాంపులన్నీ అందంగా అతికించి, ముద్రలన్నీ గుండ్రంగా స్పష్టంగా పడి, లోపల ఉత్తరం ముక్క లేకుండా ఉంటే అది ముద్ర కోసమే ఎవరో సేకర్త పంపుకున్న కవరు. నకిలీ కాదు గాని దాని మీద నాకు మోజు లేదు. మీ అమ్మమ్మగారికి గోదావరి అవతల నుంచి ఎవరో అప్పు అడుగుతూ రాసిన మురికి కవరు అంతకంటే వెయ్యి రెట్లు మేలు.

ప్రశ్న: కాకినాడలో 1986 ఆగస్టు 14న వేసిన కార్డు లంక గ్రామంలో మా ఇంటికి చేరినట్టు సెప్టెంబరు 2 ముద్ర ఉంది. యాభై మైళ్లు లేని దూరానికి పంతొమ్మిది రోజులా? — ఒక పాఠకుడు, రామచంద్రపురం

జవాబు: ఆ ఆగస్టు నాకు బాగా గుర్తు. భద్రాచలం దగ్గర గోదావరి 75 అడుగులు దాటి పారిన వరద అది. మా ఆఫీసులో సంచులు అటక ఎక్కించి, రిజిస్టర్లు బల్ల మీద బల్ల వేసి పెట్టాం. లంకలకు పడవ కట్టేవాడే లేడు. మీ కార్డు ఎక్కడో ఒక అటక మీద కూర్చుని ఉంటుంది. బహుశా నాకు తెలిసిన అటకే.

కోనసీమ తపాలాను అర్థం చేసుకోవాలంటే రేవులను చూడాలి. అమలాపురానికి ఇప్పటికీ రైలు లేదు. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో వేసిన పట్టాలు కూడా గౌతమి పాయకు కాకినాడ వైపు గట్టునే ఆగిపోయాయి. వాటిని యుద్ధకాలంలో పీకేసి, మళ్లీ 2004లో వేశారు. ఆర్‌.ఎం.ఎస్‌. (రైలు తపాలా) బండి దిగిన సంచీ పడవో పంటో ఎక్కితే గానీ మాకు చేరేది కాదు. గాలి ఎక్కువైతే పంటు ఆగేది, పంటు ఆగితే ముద్ర ఆలస్యమయ్యేది.

అయితే ఒక్క కార్డును నమ్మి వరద చరిత్ర రాయకండి. పొద్దున ఆఫీసు తెరవగానే ముద్రలో తేదీ అచ్చులు మార్చి, పుస్తకంలో ఒక ముద్ర వేసి చూసుకోవడం మా పద్ధతి. పద్ధతి ఉంది కదా అని రోజూ జరిగిందనుకోకండి. నిన్నటి తేదీతో మధ్యాహ్నం దాకా కొట్టిన రోజులు నా ఖాతాలోనే ఉన్నాయి. అదే నెలలో అదే ఊరికి వచ్చిన నాలుగైదు కార్డులు పక్కపక్కన పెట్టి చూడండి. అన్నీ ఆలస్యమైతే ఏరు కారణం. ఒక్కటే ఆలస్యమైతే నాలాంటివాడు కారణం. నేను పాత అమలాపురం తాలూకా ఒక్కటే పట్టుకుని నోటుపుస్తకంలో కార్డు వేసిన ఊరు, చేరిన ఊరు, రెండు తేదీలు, మధ్య రోజులు రాసుకుంటున్నాను. ఇప్పటికి 611 కార్డులయ్యాయి. వానాకాలం రోజుల లెక్కా, వేసవి రోజుల లెక్కా పక్కన పెడితే వంతెనలు ఎప్పుడు వచ్చాయో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

ప్రశ్న: ముద్రలో ఊరి పేరు లేదు. "ఎక్స్‌పెరిమెంటల్ పి.ఓ." అని, ఒక అక్షరం, అంకె మాత్రం ఉన్నాయి. — ఒక పాఠకుడు, ముమ్మిడివరం

జవాబు: కొత్త ఊళ్లో బ్రాంచి ఆఫీసు గిట్టుబాటు అవుతుందో లేదో చూడటానికి మొదట ప్రయోగంగా తెరిచేవారు. అప్పుడు ఊరి పేరుతో ముద్ర చేయించకుండా ఇలా అంకె వేసిన ముద్ర ఇచ్చేవారు. ఊరు తెలియాలంటే కార్డు తిప్పండి. మనవాళ్లు కుడివైపు పైన ఊరి పేరు, తేదీ రాయనిదే "క్షేమం" అని మొదలుపెట్టరు.

ప్రశ్న: 1972 నాటి కవరు మీద మామూలు స్టాంపుతో పాటు అయిదు పైసల కుటుంబ నియంత్రణ స్టాంపు ఉంది. దాని మీద రబ్బరు ముద్రతో "రెఫ్యూజీ రిలీఫ్" అని వంకరగా పడింది. — ఒక పాఠకుడు, తుని

జవాబు: బంగ్లాదేశ్ శరణార్థుల కోసం 1971 నవంబరు 15 నుంచి 1973 మార్చి 31 దాకా అదనంగా వసూలు చేసిన అయిదు పైసలు అవి. అచ్చువేసిన స్టాంపులు అందే దాకా చాలా ఊళ్లలో సొంత రబ్బరు ముద్రలు చేయించుకుని కొట్టారు. ఆ వంకర ముద్రే మీ కవరుకు అందం.

ప్రశ్న: వేరేవాళ్ల ఉత్తరాలు కొని చదవడం తప్పు కాదా? సంతలో కొన్న కట్టలో ఒకావిడ కాపురం గొడవలన్నీ ఉన్నాయి. చదివాక నిద్ర పట్టలేదు. — పేరు వద్దన్న పాఠకుడు, మండపేట

జవాబు: మీకు నిద్ర పట్టలేదంటే మీకు ఈ పని అప్పగించవచ్చు.

నా పద్ధతి ఇది. చిరునామా వైపు ఎవరికైనా చూపుతాను. రాత వైపు చదువుతాను గాని ఫోటో తీయను, ఫోనులో ఎవరికీ పంపను. ఊరు, ఇంటిపేరు తెలిసి, ఆ కుటుంబం దొరికితే ముందు వాళ్లకు కబురు చేస్తాను. రెండుసార్లు ఉత్తరాలు తిరిగి ఇచ్చేశాను, ముద్రల నకలు మాత్రం ఉంచుకున్నాను. మీ దగ్గరున్న కట్టను కవర్లు ఒకచోట, లోపలి కాగితాలు ఒకచోట చేసి అంకెలు వేయండి. కాగితాలు ఇక తెరవకండి.

ఇంకొకటి గమనించారా? ఎన్ని వందల కార్డులు తిరగేసినా నాలుగు మూలలా పసుపు రాసినవే దొరుకుతాయి, చావు కబురు కార్డు దొరకదు. మా నాన్న అలాంటి కార్డును గడప దాటనిచ్చేవాడు కాదు. వాకిట్లోనే చదివి, అక్కడే చించేసి, కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చేవాడు. పెట్టెలో మిగిలిన ఉత్తరాలను చూసి ఆ ఇంట్లో అన్నీ పెళ్లిళ్లే జరిగాయనుకోకూడదు.

ప్రశ్న: లామినేషన్ చేయిస్తే పురుగు పట్టదంటున్నారు. పసుపు మరకలు ఎలా పోగొట్టాలి? — ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: లామినేషన్ వద్దు, చేస్తే ఇక ఊడి రాదు. సెలోటేపూ వద్దు. పసుపు మరక కాదు, దాన్ని ముట్టుకోకండి. మన డెల్టా గాలిలో తడి ఎక్కువ కాబట్టి గోడకు ఆనించిన బీరువాలో పెట్టకండి. మామూలు తెల్ల కాగితం కవర్లలో విడివిడిగా పెట్టి, సంక్రాంతి వెళ్లాక ఏటా ఒకసారి నీడలో ఆరబెట్టండి.

ప్రశ్న: ఇప్పుడు ఉత్తరాలే లేవు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లం ఏమి సేకరించాలి? — పదో తరగతి విద్యార్థి, అంబాజీపేట

జవాబు: కార్డు ఇప్పటికీ యాభై పైసలే బాబూ. పది కార్డులు కొను. సైకిలు మీద వెళ్లగలిగినన్ని బ్రాంచి పోస్టాఫీసులకు వెళ్లి, ఒక్కొక్క చోట నీ పేరుకే ఒక కార్డు వెయ్యి. సంచీ కట్టే వేళ వెళ్లకు, ఆ వేళలో ఎవరికీ ఓపిక ఉండదు. కాస్త ముందుగా వెళ్లి "అమ్మా, ముద్ర స్పష్టంగా వేస్తారా?" అని అడుగు, వేస్తారు. రిజిస్టర్డు పోస్టును 2025లో స్పీడుపోస్టులో కలిపేశారు. మీ ఇంట్లో అంతకు ముందు వచ్చిన రిజిస్టరు కవర్లుంటే చీటీ చిరగకుండా ఇప్పుడే దాచు. కార్డు మీద చిరునామా సిరాపెన్నుతో రాయకు, బాల్‌పెన్నుతో రాయి. పోస్టుమాన్ సైకిలు సంచీకి మూత సరిగా పడదు, పైగా వానలు మొదలయ్యాయి.