హోస్టా ఆకులపై ముదురు మరకలు: పిలకలు విడదీసే ముందు పరీక్ష చేయించండి

ప్రశ్న: మేము అమెరికాలో షికాగో సమీపంలోని నేపర్‌విల్‌లో ఉంటున్నాము. ఇంటి ఉత్తరపు గోడ వెంట 20 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు మడి చేసి హోస్టాలు (నీడలో పెంచే అందమైన ఆకుల మొక్కలు) నాటాలని ఈ చలికాలంలో పథకం వేసుకుంటున్నాము. పెరట్లో ఇప్పటికే 'గోల్డ్ స్టాండర్డ్' రకం దుబ్బులు మూడు ఉన్నాయి. పోయిన వేసవిలో వాటి ఆకులపై ఈనెల వెంట ముదురు పచ్చ మరకలు వచ్చి, ఆకు అక్కడక్కడ ముడతపడింది. ఇది ఇనుప ధాతు లోపమని అనుకుంటున్నాను. మొక్కలు అమ్మిన దుకాణంవారు ఎప్సమ్ సాల్ట్ వేసి, రెండు వారాలకొకసారి శిలీంధ్రనాశిని కొట్టమన్నారు. ఈ దుబ్బులనే విడదీసి వసంతంలో నలభై పిలకలు నాటుకోవచ్చా? మా నిమ్మతోటలో వాడే అన్నభేదిని (ఫెర్రస్ సల్ఫేట్) వీటికి ఎంత మోతాదులో కొట్టాలి? తెనాలిలో ఉన్న మా అమ్మకు రెండు పిలకలు తీసుకువెళ్ళవచ్చా?

జవాబు: అన్నభేది అవసరం లేదు, కాబట్టి మోతాదు చెప్పడం లేదు. ఇనుప ధాతు లోపం ఉంటే లేత ఆకుల్లో ఈనెలు మాత్రం పచ్చగా నిలిచి, వాటి మధ్య భాగమంతా ఒకే తీరుగా పాలిపోతుంది. నిమ్మలో మీరు చూసినది అదే. మీరు రాసిన లక్షణం వేరు. పసుపు ఆకు నడుమ ముదురు పచ్చ రంగు ఈనెల నుంచి బయటికి, నాసిరకం కాగితం మీద సిరా పాకినట్లు, అడ్డదిడ్డంగా వ్యాపించి ఆ చోట ఆకు గట్టిపడి ముడత పడితే ముందుగా అనుమానించవలసినది హోస్టా వైరస్ ఎక్స్‌ను. 1996లో మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు వర్ణించిన ఈ వైరస్ తరచుగా కనిపించే రకాలలో మీ 'గోల్డ్ స్టాండర్డ్' ఒకటి.

దీనికి మందు లేదు. శిలీంధ్రనాశిని వైరస్‌ను ఏమీ చేయదు, ఎప్సమ్ సాల్ట్ అంతకన్నా చేయదు. ఆకును చేత్తో పట్టి చూడకుండా, మట్టి పరీక్ష ఫలితం అడగకుండా రెండు సీసాలు చేతిలో పెట్టే దుకాణదారుని సలహాను మన ఊళ్ళో రైతులు నమ్మి నష్టపోవడం చాలదన్నట్లు అక్కడ కూడా నమ్ముతున్నారంటే విచారంగా ఉంది. రెండు వారాలకొక పిచికారీ వల్ల మీ డబ్బు పోవడం, మడిలోని మేలు చేసే జీవులకు హాని కలగడం తప్ప మరో ఫలితం ఉండదు.

అసలు ప్రమాదం మీ నలభై పిలకల పథకంలో ఉంది. ఈ వైరస్ పసరు ద్వారా, అంటే దుబ్బును కోసిన కత్తి, పార, పూకాడలు కత్తిరించిన కత్తెర, పసరు అంటిన చేతుల ద్వారా ఒక మొక్క నుంచి మరొక దానికి చేరుతుంది. బంచీటాప్ వైరస్ తెగులు సోకిన అరటితోట నుంచి ఎవరైనా పిలకలు తెచ్చుకుంటారా? పైగా సోకిన మొక్క ఏడాది, ఒక్కోసారి అంతకు మించి కూడా, ఏ లక్షణమూ చూపకుండా ఉండగలదు కనుక, బాగున్నట్లు కనిపించే పిలకను ఏరుకున్నంత మాత్రాన గండం గడిచినట్లు కాదు.

ఇప్పుడు ఆకులు లేవు, నేల గడ్డకట్టి ఉంది. ఆ మూడు దుబ్బుల పక్కన గుర్తుగా కర్రలు పాతి, మే నెలాఖరున ఆకులు పూర్తిగా విప్పుకున్న తరువాత ఒక్కొక్క దుబ్బు నుంచి మరక ఉన్న ఆకు ముక్క తీసుకొని ఇమ్యునోస్ట్రిప్‌తో (వైరస్ ఉందో లేదో చూపే పరీక్ష పట్టీ) విడివిడిగా పరీక్షించండి. ఫలితం నిమిషాలలో తెలుస్తుంది. వైరస్ ఉన్నట్లు తేలితే దుబ్బును వేరు ముక్కలతో సహా తవ్వి, సంచిలో కట్టి చెత్తలో వేయాలి, కంపోస్టు గుంటలో వేయకూడదు. ఆ చోట కనీసం రెండేళ్ళు హోస్టా కాకుండా ఫెర్నులో, ఆస్టిల్బీయో వంటి వేరే నీడ మొక్కలు పెట్టండి. పనిముట్లకు అంటిన మట్టి, పసరు కడిగి, ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీరు కలిపిన ద్రావణంలో పది నిమిషాలు నానబెట్టాలి. ద్రావణం ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి.

ఇక మడి సంగతి. జనవరిలో నీడను చూసి పథకం గీయడం పొరపాటు. మీ ప్రాంతంలో డిసెంబరు 21న మధ్యాహ్నపు సూర్యుడు సుమారు 25 డిగ్రీల ఎత్తుకే వస్తాడు, జూన్ 21న సుమారు 72 డిగ్రీలకు చేరతాడు. అందువల్ల 20 అడుగుల ఎత్తున్న గోడ నీడ ఇప్పుడు 40 అడుగులు దాటినా, జూన్ మధ్యాహ్నం ఏడు అడుగులకు మించదు. పైగా ఉదయం తొమ్మిది లోపు, సాయంత్రం ఐదు తరువాత ఉత్తరపు గోడకు నేరుగా ఎండ తగులుతుంది. సాయంత్రపు ఎండ పడే పడమటి కొసన ఎండకు కాస్త ఓర్చుకునే 'సమ్ అండ్ సబ్‌స్టెన్స్' రకం హోస్టా ఒకటి పెట్టండి. 'హాల్సియన్' వంటి నీలి రకాల ఆకు మీది మైనపు పూత ఎండకు కరిగి రంగు పోతుంది, కనుక వాటిని తూర్పు వైపు గోడకు దగ్గరగా ఉంచండి.

నలభై మొక్కలు ఆ మడికి చాలా ఎక్కువ. 'సమ్ అండ్ సబ్‌స్టెన్స్' ఒక్కటే ఎదిగాక ఐదు అడుగులు ఆక్రమిస్తుంది. దానితో కలిపి వెనుక వరుసలో ఆరు, ముందు అంచున చిన్న రకమైన 'బ్లూ మౌస్ ఇయర్స్' పది, పన్నెండు చాలు. ఖాళీగా కనిపిస్తోందని మధ్యలో దూర్చవద్దు, నాలుగైదేళ్ళలో నిండుతుంది. వసంతంలో సంచుల్లో చౌకగా అమ్మే వేర్లను కొనకండి. వైరస్ పరీక్ష చేయించామని రాసి ఇచ్చే నర్సరీకి ఈ చలికాలంలోనే ఆర్డరు పెట్టి, మంచు భయం తీరే మే మధ్యకు పంపమనండి.

నేల కరిగిన వెంటనే మడిలో ఏడెనిమిది చోట్ల ఆరు అంగుళాల లోతు మట్టి తీసి, కలిపి పరీక్షకు పంపండి. ప్రయోగశాల చిరునామా మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ (వ్యవసాయ సలహా) కార్యాలయంలో చెబుతారు. ఉదజని సూచిక (పీహెచ్) 6.0 నుంచి 7.0 మధ్య ఉంటే దానిని కదిలించవద్దు. రెండు మూడు అంగుళాల మందాన మాగిన కంపోస్టు పరచి అడుగు లోతు వరకు కలపండి. భాస్వరం తక్కువని ఫలితం వస్తేనే 10-10-10 ఎరువును (నత్రజని, భాస్వరం, పొటాష్ పది శాతం చొప్పున ఉన్నది) 100 చదరపు అడుగులకు ఒక పౌను, అంటే మీ మడికి పౌనుంపావుకు మించకుండా, మొలకలు పైకి వచ్చే వేళ ఒక్కసారి వేయండి. జులై మధ్య తరువాత ఎరువు వద్దు. వానతో కలిపి వారానికి ఒక అంగుళం నీరు అందాలి. చలికాలపు మల్చి (నేల మీద పరిచే ఆకు, గడ్డి పొర) రెండు అంగుళాలు దాటితే దాని కింద వోల్ ఎలుకలు చేరి వేర్లు కొరుకుతాయి; మొదలుకు తగలకుండా వేయండి.

మీ అమ్మగారికి తీసుకువెళ్ళే ఆలోచన మానుకోండి. మట్టి, మొక్కలు భారతదేశానికి తేవాలంటే దిగుమతి అనుమతి, తెగుళ్ళు, పురుగులు లేవని తెలిపే ఫైటోశానిటరీ ధ్రువపత్రం ఉండాలి. అవి ఉన్నా ప్రయోజనం లేదు, ఎందుకంటే హోస్టా ఏటా కొన్ని వారాలు గట్టి చలిలో నిద్రపోతేనే మరుసటి ఏడు సరిగా మొలుస్తుంది, ఆ చలి తెనాలిలో దొరకదు. నీడలో రంగురంగుల ఆకులు కావాలంటే అక్కడి నర్సరీలలోనే దొరికే కలాడియం దుంపలను నీరు నిలవని కుండీలో రెండు అంగుళాల లోతున నాటమనండి.