రంధ్రం కదలలేదు, అలైన్‌మెంట్ మారింది

ప్రశ్న: రేణిగుంట దగ్గర ఒక మెషిన్ షాపులో తనిఖీ విభాగంలో పనిచేస్తున్నాను. అల్యూమినియం బ్రాకెట్ చివర ఉన్న రంధ్రాన్ని సీఎంఎం (ముఖాలను బిందువు బిందువుగా తాకి కొలిచే యంత్రం) మీద కొలిస్తే, పగటి షిఫ్టులో కేంద్రం 0.02 మి.మీ. పక్కకు తప్పినట్టు వస్తోంది. అదే బ్రాకెట్‌కు రాత్రి షిఫ్టులో 0.12 వస్తోంది. కాలిబ్రేషన్ సరిగానే ఉంది. లోపం ఎక్కడ?

జవాబు: ముందు రెండు షిఫ్టుల్లోనూ ఆపరేటర్ పక్కన నిలబడి, బ్రాకెట్‌ను ఏ వరుసలో అలైన్ చేస్తున్నారో, అంటే ఏ ముఖం తర్వాత ఏ ముఖాన్ని తాకించి యంత్రానికి దాని స్థానం చెబుతున్నారో చూడండి. తిరుపతి చుట్టుపక్కల షాపుల్లో ఇలాంటి తగాదాలు చాలా తీర్చాను. ఎక్కువసార్లు చిక్కు అక్కడే ఉంటుంది.

డ్రాయింగ్‌లో ‘ఏ’, ‘బీ’, ‘సీ’ అని గుర్తించిన డేటమ్‌ల (కొలతకు ఆధారమైన ముఖాల) వరుసను దాటకూడదు. ‘ఏ’ ముఖం మీద మూడు బిందువులు తీసుకుంటే భాగం ఎటూ వాలదు, పైకీ కిందికీ జరగదు. బీ మీద రెండు తీసుకుంటే తిరగదు, పక్కకు పోదు. సీ మీద ఒకటితో చివరి కదలిక కూడా ఆగుతుంది. అయితే మూడు కనిష్ఠం మాత్రమే. మూడే తాకిస్తే ముఖం ఎంత వంకరగా ఉన్నా యంత్రానికి అది చదునుగానే కనిపిస్తుంది. ఎనిమిదో పదో తీసుకోండి, అంచుల దాకా పరచండి.

మీ 0.12 బహుశా బీ దగ్గర పుట్టింది. ఆ రెండు బిందువులను 40 మి.మీ. ఎడంలో తీసుకున్నారనుకోండి. వాటిలో ఒకదాని కింద 0.02 మి.మీ. బర్ (కోత తర్వాత అంచున మిగిలే లోహపు పొర) ఉంటే చాలు, 200 మి.మీ. దూరంలోని రంధ్రం దగ్గర అది 0.10 అవుతుంది. మీ రెండు లెక్కల మధ్య తేడా సరిగ్గా అంతే! అంచు వెంబడి గోరు నెమ్మదిగా లాగి చూడండి, బర్ ఉంటే తగులుతుంది. దాన్ని తీసి, ముఖం తుడిచి, బిందువులను వీలైనంత దూరంగా పెట్టండి.

మన ఎండలనూ మరవకండి. కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. 35 డిగ్రీల వేడి మీదున్న అల్యూమినియం 200 మి.మీ.కు దాదాపు 0.07 పెరుగుతుంది. భాగాన్ని కొలిచే గదిలో చల్లారనివ్వాలి.

ఇంకొక మాట గట్టిగా చెబుతాను. లెక్క కుదరలేదని బెస్ట్ ఫిట్ (డేటమ్ వరుసను వదిలేసి, కొలతలన్నీ డ్రాయింగ్‌కు వీలైనంత దగ్గరగా వచ్చేలా సర్దే పద్ధతి) నొక్కి పాస్ చేయించే అలవాటు మీ షాపులో ఉంటే వెంటనే మాన్పించండి. అది తప్పును అన్ని రంధ్రాలకూ పంచి దాచేస్తుంది. అసెంబ్లీలో బోల్టు దూరదు.

ఇవన్నీ సరిచేశాక ఒకే బ్రాకెట్‌ను ఫిక్స్చర్ (భాగాన్ని పట్టి ఉంచే అమరిక) నుంచి తీసి, మళ్లీ పెట్టి, ఇద్దరి చేతా వేర్వేరుగా కొలిపించండి. అప్పటికీ తేడా వస్తే ప్రోబ్ క్వాలిఫికేషన్, అంటే తాకే కొన సైజు యంత్రంలో సరిగా నమోదైందో లేదో చూడాలి.