‘4కె సపోర్ట్’ అని రాసి ఫుల్ హెచ్‌డీ టీవీ అమ్మితే?

ప్రశ్న: పదకొండు నెలల కిందట ఆన్‌లైన్‌లో 43 అంగుళాల టీవీ కొన్నాను. ప్రకటనలో ‘4కె, హెచ్‌డీఆర్ సపోర్ట్, 120 హెర్ట్జ్’ అని పెద్ద అక్షరాలతో ఉంది. ఈ మధ్య తెలిసినవారొకరు చూసి, ఇది ఫుల్ హెచ్‌డీ తెర మాత్రమేనన్నారు. అమ్మకందారును అడిగితే, ‘4కె వీడియో తీసుకుంటుంది కదా, సపోర్ట్ అనే రాశాం’ అంటున్నారు. పైగా తెర మూలన రెండు చుక్కలు ఎప్పుడూ నల్లగానే ఉంటున్నాయి. డబ్బు వెనక్కి అడగవచ్చా?

జవాబు: అడగవచ్చు. అయితే మీరు రాసిన ఫిర్యాదులన్నింటికీ చట్టం ముందు ఒకే బలం ఉండదు కనుక, తెర రిజల్యూషన్ విషయాన్ని ముందు పెట్టి, మిగిలినవాటిని దాని వెనుక నిలపడం మంచిది.

ఫుల్ హెచ్‌డీ తెరపై అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్లు, అంటే బొమ్మను కూర్చే చుక్కలు ఉంటాయి. టీవీల్లో 4కె అని పిలిచే తెరపై 3840, 2160 ఉంటాయి. అంటే ఒకదానిలో సుమారు 20.7 లక్షల చుక్కలుంటే, రెండోదానిలో దానికి సరిగ్గా నాలుగింతలుంటాయి. 4కె సిగ్నల్‌ను లోపలికి తీసుకుని, తన దగ్గరున్న చుక్కలకు సరిపోయేలా కుదించి చూపే ఫుల్ హెచ్‌డీ టీవీలు ఉన్న మాట వాస్తవమే. అమ్మకందారు చెబుతున్నది ఆ కుదింపు గురించే. సాంకేతికంగా అది అబద్ధం కాకపోవచ్చు గానీ, కొనేవాడు డబ్బు పెట్టేది తెర మీద కనబడే బొమ్మకే తప్ప వెనుక వైపు కేబుల్ రంధ్రంలోకి వెళ్లే సిగ్నల్‌కు కాదు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(10) ఇక్కడ మీకు పనికొస్తుంది. చట్టం ప్రకారమో ఒప్పందం ప్రకారమో ఉండవలసిన నాణ్యత, ప్రమాణం లేకపోవడమే కాక, వ్యాపారి ఏ రూపంలోనైనా ఉందని చెప్పుకున్నది వస్తువులో కొరవడటం కూడా ఆ నిర్వచనం ప్రకారం లోపమే. వస్తువు ఫలానా ప్రమాణానికి, ఫలానా మోడల్‌కు చెందినదని తప్పుగా చెప్పడం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచిన ప్రకటన సెక్షన్ 2(28) కింద తప్పుదోవ పట్టించే ప్రకటన. ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి: అదే పేజీలో కిందనున్న వివరాల పట్టికలో ‘ప్యానెల్ రిజల్యూషన్ 1920×1080’ అని స్పష్టంగా ఉంటే, ఎదుటి పక్షం ముందుగా చూపేది దాన్నే. అప్పుడు మీ కేసు పోదు గానీ, పెద్ద అక్షరాలు కలిగించిన అభిప్రాయం చిన్న అక్షరాలతో తొలగిపోదని వాదించి నెగ్గవలసి వస్తుంది.

ఇక రుజువు. బొమ్మ మసకగా ఉందనడం రుజువు కాదు. ప్రసారమే తక్కువ రిజల్యూషన్‌లో వస్తుంటే అసలైన 4కె తెరపైనా బొమ్మ మెత్తగానే ఉంటుంది. 43 అంగుళాల తెర వెడల్పు సుమారు 95 సెంటీమీటర్లు. తెల్లని బొమ్మ పెట్టి, తెరకు స్కేలు ఆనించి, భూతద్దంతో చూడండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ముక్కలు కలిసిన ఒక్కో గుంపును ఒక పిక్సెల్‌గా లెక్కిస్తే, సెంటీమీటరుకు ఇరవై దాకా వస్తే అది ఫుల్ హెచ్‌డీ, నలభై దాకా వస్తే 4కె. మరో పద్ధతి కూడా ఉంది: కంప్యూటర్ నుంచి 3840×2160 సిగ్నల్ పంపి, ఒక చుక్క నలుపు, ఒక చుక్క తెలుపుగా ఉండే చదరంగపు గళ్ల బొమ్మ చూపించండి. ఫుల్ హెచ్‌డీ తెర రెండు నల్ల చుక్కలను, రెండు తెల్ల చుక్కలను కలిపి ఒక్క చుక్కలో ఇమడ్చాలి కాబట్టి, గళ్లు మాయమై తెరంతా బూడిద రంగు పరుచుకుంటుంది. తెర అంచులను కత్తిరించే సెట్టింగును ముందే ఆపివేయాలి. ఇవన్నీ మీ నమ్మకం కోసం, నోటీసులో రాయడం కోసం. ఎదుటి పక్షం ఒప్పుకోకపోతే, సెక్షన్ 38 కింద టీవీని తగిన ప్రయోగశాలకు పంపి నివేదిక తెప్పించమని వినియోగదారుల కమిషన్‌ను కోరవచ్చు.

‘120 హెర్ట్జ్’ మాటలోనూ ఇలాంటి కిటుకే ఉండవచ్చు. ప్యానెల్ సెకనుకు 60 సార్లే మారుతూ, కదలికను నునుపు చేసే ప్రాసెసింగ్‌ను లెక్కలో కలిపి 120 అని ప్రచారం చేసుకునే అలవాటు ఈ రంగంలో ఉంది. ‘రిఫ్రెష్ రేట్’ అని రాశారా, ‘మోషన్ రేట్’ వంటి మరో పేరు పెట్టారా అన్నది చూడండి. మొదటిదైతే మీకు బలం.

హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను మరింత విస్తృతంగా చూపే పద్ధతి) విషయంలో మాత్రం ఆశ పెట్టుకోవద్దని నా సలహా. హెచ్‌డీఆర్ సిగ్నల్‌ను చదవగలగడం వేరు, దానికి కావలసిన వెలుగును తెర ఇవ్వగలగడం వేరు. కానీ ఇన్ని నిట్ల (తెర వెలుగును కొలిచే ప్రమాణం) కాంతి వస్తుందని ప్రకటనలో అంకె రాయనప్పుడు, మాట తప్పారని నిలదీయడానికి ఆధారం ఉండదు. నల్ల చుక్కల సంగతీ అంతే. ఐఎస్‌ఓ 9241-307 అనే అంతర్జాతీయ ప్రమాణం పిక్సెల్ లోపాలను తరగతుల వారీగా విభజించి, ఒక్క సున్నా తరగతిలో తప్ప మిగిలినవాటిలో కొన్నింటిని అనుమతిస్తుంది. వారంటీ పత్రంలో ఎన్నింటి వరకు లోపంగా లెక్కించబోమని రాశారో చూసుకోండి. మూలన రెండే అయితే ఆ పరిమితిలోపే ఉండే అవకాశం ఎక్కువ.

వినియోగదారుల చట్టంలోని సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు గడువు వ్యాజ్య కారణం (ఫిర్యాదుకు దారితీసిన సంఘటన) పుట్టినప్పటి నుంచి రెండేళ్లు. మోసం తెలిసిన రోజు నుంచి లెక్కించాలని వాదించవచ్చు గానీ, కొన్న రోజు నుంచే లెక్కించుకోవడం క్షేమం. మీరు నివసించే చోటనున్న జిల్లా కమిషన్‌లోనే, అమ్మకందారును, తయారీదారును ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి వేయవచ్చు. వస్తువుకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు ఫీజు లేదు. అంతకుముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయించి, లిఖితపూర్వక నోటీసు పంపండి. నోటీసు తప్పనిసరి కాకపోయినా, వచ్చే జవాబులో ‘సపోర్ట్ అనే రాశాం’ అన్న మాట కాగితం మీదకు వస్తే మీకు మేలే. సెక్షన్ 39 కింద టీవీ మార్పిడిని గానీ, డబ్బు వాపసును గానీ, దానితో పాటు నష్టపరిహారాన్ని గానీ కోరవచ్చు.

ప్రకటన పేజీని ఈ రోజే, తేదీ, లింకు కనబడేలా భద్రపరచండి. అది ఎప్పుడైనా మారిపోవచ్చు. ఎలక్ట్రానిక్ ఆధారం కాబట్టి భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని సెక్షన్ 63 కింద, ఆ ఆధారాన్ని ఎలా తీశారో ధ్రువీకరించే పత్రాన్ని జతచేయడం మంచిది. బిల్లు, పెట్టె మీది లేబుల్, టీవీ వెనుకనున్న మోడల్ సంఖ్య మూడూ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయో లేదో చూసుకోండి. ఈలోగా నల్ల చుక్కల మరమ్మతు పేరుతో సర్వీసు మనిషి ప్యానెల్ మారుస్తానంటే ఒప్పుకోకండి. పరీక్షకు పంపవలసింది మీకు అమ్మిన ఆ ప్యానెల్‌నే.