ఇంటి గ్యారేజీలో వర్క్‌షాప్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా గ్యారేజీ 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు. కారు అమ్మేశాం కాబట్టి ఇప్పుడది ఖాళీగా ఉంది. చెక్క పని, బైకు రిపేర్లు రెండూ చేసుకోవాలని ఉంది. ముందు టేబుల్ సా (బల్లకు అమర్చిన కరెంటు రంపం) కొనమంటారా, డ్రిల్ ప్రెస్ (నిలువుగా రంధ్రాలు వేసే మెషిన్) కొనమంటారా?

జవాబు: ఇప్పుడప్పుడే రెండూ వద్దండి. ముందు వెలుతురు చూసుకోండి, తర్వాత కరెంటు, ఆ తర్వాత బెంచి. మెషిన్లు వచ్చి గది నిండాక గోడలకు రంగులేయాలన్నా, పైన వైర్లు లాగాలన్నా ఒకటికి రెండింతల పని. పైగా మీకు నిజంగా ఏ మెషిన్ అవసరమో కొన్నాళ్లు చేతి పనిముట్లతో పనిచేశాకే తెలుస్తుంది.

గోడలకు, పైకప్పుకు తెల్ల రంగు వేయించండి. దీపాలు పెంచకుండానే గది వెలుగుతుంది. మీ గది వైశాల్యం సుమారు 18.6 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద పడే వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. మామూలు పనికి 300 లక్స్, గీతలు గీసి కోసే బెంచి మీద కనీసం 500 లక్స్ ఉండాలి. 18.6ని 300తో గుణిస్తే 5,580 ల్యూమెన్లు, అంటే గదికి అందాల్సిన మొత్తం వెలుతురు. గోడలు, దుమ్ము మింగేది పోగా అంత మిగలాలంటే 9,000 పెట్టుకోవాలి. నాలుగడుగుల ఎల్ఈడీ ట్యూబు ఒక్కోటి 2,000 ల్యూమెన్ల దాకా ఇస్తుంది కాబట్టి గదికి ఐదు, బెంచికి విడిగా రెండు సరిపోతాయి. బెంచి ట్యూబులు మీ తల వెనక కాకుండా బెంచి ముందంచుకు సరిగ్గా పైన రావాలి. వెనక ఉంటే మీ నీడ మీరు గీసే గీత మీదే పడుతుంది. పాత చోకు ట్యూబులైతే తీసేయండి. అవి కరెంటు సరఫరా లయలో మినుకుమంటాయి. ఆ మినుకులో, తిరుగుతున్న డ్రిల్ బిట్ ఒక్కోసారి ఆగినట్టు కనిపిస్తుంది. అది చాలా ప్రమాదం.

బెంచిని పొడుగు గోడకు ఆనించండి. టేబుల్ సా ఎప్పుడు కొన్నా దాన్ని గోడకు పెట్టకండి. 8 అడుగుల పలక కోయాలంటే బ్లేడుకు ముందు 8, వెనక 8 అడుగులు ఖాళీ ఉండాలి. అంటే మీ గదిలో అది నట్టనడుమ, పొడవు వాటంగానే నిలవాలి. లాక్ పడే చక్రాల మీద పెట్టుకుని, పని లేనప్పుడు పక్కకు నెట్టేయడమే మార్గం.

ప్రశ్న: 2 హార్స్ పవర్ కంప్రెసర్ కొన్నాను. గ్యారేజీలో సాకెట్ దూరంగా ఉండటంతో 20 మీటర్ల ఎక్స్‌టెన్షన్ రీలు వాడుతున్నాను. మొదటిసారి బాగానే స్టార్టవుతుంది. గాలి తగ్గి మళ్లీ తిరగాల్సి వచ్చినప్పుడు మాత్రం మూలిగి ఆగిపోతుంది, ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే లైను ఆపేసే స్విచ్) పడిపోతుంది. పెద్ద ఎంసీబీ వేయించమని తెలిసినవాళ్లు అంటున్నారు.

జవాబు: ఆ పని మాత్రం చేయకండి. ఎంసీబీ కాపాడేది మెషిన్‌ను కాదు, గోడలోని వైరును. వైరు అలాగే ఉంచి ఎంసీబీ పెంచితే, రేపు వేడెక్కేది గోడ లోపల మీ కంటికి కనపడని చోట.

లోపం రెండు చోట్ల ఉండొచ్చు. మొదటిది రీలు. 230 వోల్టుల సరఫరా మీద మీ మోటారు తిరిగేటప్పుడు 9 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది, స్టార్టయ్యే క్షణంలో మాత్రం దానికి ఐదారు రెట్లు లాగుతుంది. 50 ఆంపియర్లనుకుందాం. మామూలు రీళ్లలో 1 చదరపు మి.మీ. రాగి వైరు ఉంటుంది. 20 మీటర్ల రీలులో కరెంటు పోయి రావడానికి 40 మీటర్ల రాగి, దాని నిరోధం దాదాపు 0.8 ఓం. 50 ఆంపియర్ల దగ్గర అందులోనే 40 వోల్టులు పోతాయి. మోటారుకు అందేది 190. మోటారు తిప్పే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి స్టార్టింగ్ బలంలో మూడో వంతు దాకా మాయమవుతుంది. తిరగలేక మూలుగుతున్నంత సేపూ మోటారు ఆ పెద్ద కరెంటునే లాగుతూ ఉంటుంది. వైండింగ్ (మోటారు లోపలి తీగ చుట్లు) కాలేది అప్పుడే. అదే దూరానికి 4 చదరపు మి.మీ. వైరు వేస్తే పోయేది 10 వోల్టులు.

ఇంతకంటే తేలిక ఇంకోటి ఉంది. కంప్రెసర్‌ను సాకెట్ దగ్గరే ఉంచి, గాలి గొట్టాన్ని పొడుగు చేయండి. లోపలి వ్యాసం 10 మి.మీ. ఉన్న రబ్బరు గొట్టం 20 మీటర్లున్నా చక్రాలకు గాలి కొట్టడానికి, దుమ్ము ఊదడానికి ఇబ్బంది లేదు. ఇతర మెషిన్లకు రీలు వాడక తప్పనప్పుడు తీగంతా విప్పి నేల మీద పరిచాకే వాడండి. చుట్టి ఉంటే వేడి బయటికి పోక లోపలి పొరలు కరిగి అంటుకుంటాయి.

రెండోది, మీరు రాసిన దాన్ని బట్టి దీని మీదే అనుమానం ఎక్కువ. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు స్టార్టయి, నిండాక స్టార్టవడం లేదంటున్నారు. కంప్రెసర్ ఆగగానే ప్రెషర్ స్విచ్ దగ్గర 'తుస్స్' మని చిన్న చప్పుడు రావాలి, రెండు మూడు సెకన్లలో ఆగిపోవాలి. పిస్టన్ మీద మిగిలిన గాలిని అన్‌లోడర్ వదిలేసిన చప్పుడది. ఆ చప్పుడే రాకపోతే అన్‌లోడర్ పనిచేయడం లేదు, మోటారు ప్రతిసారీ పిస్టన్ మీది ఒత్తిడికి ఎదురొడ్డి లేవాల్సి వస్తోంది. చప్పుడు ఆగకుండా వస్తూనే ఉంటే ట్యాంకు ముందున్న నాన్ రిటర్న్ వాల్వ్ (గాలిని వెనక్కి రానివ్వనిది) కారుతోంది. ప్లగ్ తీసేసి, ట్యాంకు గాలి మొత్తం వదిలేశాకే దాన్ని విప్పండి. చాలాసార్లు లోపల రబ్బరు బిళ్ల మీద నల్లటి మసి పేరుకుని ఉంటుంది. తుడిస్తే సరిపోవచ్చు, గట్టిపడి ఉంటే మార్చాలి.

ఇవన్నీ సరిగా ఉండి ఇంకా పడిపోతుంటే ఎలక్ట్రీషియన్‌తో ఎంసీబీ రకం చూపించండి. బి రకం మూడు నుంచి ఐదు రెట్ల కరెంటుకే పడిపోతుంది, సి రకం ఐదు నుంచి పది రెట్ల మధ్య. అదే ఆంపియర్లలో సి రకం వేసుకోవచ్చో లేదో ఆయన వైరింగ్, ఎర్త్ చూసి చెప్పాలి. గ్యారేజీ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకపోతే అదే చేత్తో పెట్టించేయండి.

ప్రశ్న: గాలి లైనుకు గోడ వెంట పీవీసీ పైపు వేయొచ్చా?

జవాబు: వేయకూడదు. పీవీసీ నీటి ఒత్తిడిని తట్టుకోవడం వేరు, గాలిది వేరు. నొక్కిన గాలి పైపు పగిలినప్పుడు ఒక్కసారిగా వ్యాకోచించి ముక్కలను విసిరికొడుతుంది. గాలికని తయారుచేసిన అల్యూమినియం పైపు గానీ, ఇనుప పైపు గానీ వేయండి. మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున వాలు ఇచ్చి, చివర నీళ్లు వదిలే కుళాయి పెట్టండి.

ప్రశ్న: 18 మి.మీ. ప్లైవుడ్‌తో బెంచి చేసి 125 మి.మీ. వైస్ (ముక్కను దవడల మధ్య బిగించి పట్టేది) బిగించాను. ఆకురాయి పట్టగానే బెంచి ఊగుతోంది, గంటకే భుజం నొప్పి. అరగదీసిన ముఖం కూడా సమంగా రాకుండా మధ్యలో ఉబ్బుగా వస్తోంది.

జవాబు: ముందు ఎత్తు కొలవండి. తిన్నగా నిలబడి మోచేయి మడిచి చూస్తే, వైస్ దవడల పైఅంచు మీ మోచేతి ఎత్తుకు రావాలి. అంతకంటే పైన ఉంటే భుజం ఎత్తి పనిచేస్తారు, నొప్పి అందుకే. కింద ఉంటే నడుం వంగి, ఆకురాయి తోసేటప్పుడు ముందొకసారి, వెనకొకసారి వాలుతుంది. మధ్యలో ఉబ్బు మిగిలేది ఆ ఊపు వల్లే. బెంచి ఊగినా అదే జరుగుతుంది. చిత్రిక పట్టడానికి మాత్రం ఇంత ఎత్తు పనికిరాదు. చెయ్యి కిందికి వేలాడేస్తే మణికట్టు ముడత ఎక్కడికి వస్తుందో, బెంచి పైతలం అక్కడ ఉంటే శరీరం బరువు పనిమీద పడుతుంది. కాబట్టి బెంచిని మణికట్టు ఎత్తుకు కట్టి, దవడలు మోచేతి ఎత్తుకు రావడానికి ఎంత తగ్గిందో కొలిచి వైస్ కింద అంత మందం గట్టి చెక్క దిమ్మ వేస్తే రెండు పనులూ సాగుతాయి.

ఒక పొర ప్లైవుడ్ చాలదు. ఇంకో 18 మి.మీ. పొరను జిగురుతో అతికించి, కింది నుంచి స్క్రూలు బిగించండి. పైన 6 మి.మీ. హార్డ్‌బోర్డు అంటించకుండా పరిస్తే, పాడైనప్పుడు అదొక్కటే మార్చుకోవచ్చు. కాళ్లకు వెనక వైపు ఐమూలగా ఒక పట్టీ కొట్టి, వెనక అంచును గోడకు యాంకర్ బోల్టులతో పట్టించండి. ఊగడం అక్కడితో ఆగుతుంది.

వైస్ బెంచి మధ్యలో కాకుండా సరిగ్గా కాలు మీదికి రావాలి. కదలని దవడ ముఖం బెంచి అంచును కొద్దిగా దాటి ఉండాలి, అప్పుడే పొడుగాటి కమ్మీని నిలువుగా పట్టించినా బెంచికి తగలదు. చెక్క స్క్రూలతో బిగించి ఉంటే తీసేసి, ఆరపార 12 మి.మీ. బోల్టులు వేసి, కింద వెడల్పు వాషర్లు గానీ ఇనుప పలక గానీ పెట్టండి.

ప్రశ్న: 150 మి.మీ. బెంచ్ గ్రైండర్ మీద అల్యూమినియం బ్రాకెట్లు అరగదీశాను. ఇప్పుడు రాయి మెరుస్తోంది, ఇనుము పెట్టినా తెగడం లేదు, నీలంగా మాడుతోంది. రాయి మార్చాలా?

జవాబు: బూడిద రంగు రాయి మీద అల్యూమినియం పెట్టకూడదు. మెత్తటి లోహం రాయి రంధ్రాల్లో కూరుకుపోతుంది. రాయి కోయడం మాని రుద్దడం మొదలుపెడుతుంది, వేడెక్కుతుంది, ఆ వేడికి పగలవచ్చు కూడా. డ్రెస్సర్‌తో (రాయి ముఖాన్ని గీకే పనిముట్టు) పై పొర తీసేస్తే తిరిగి పనికొస్తుంది, కానీ ముందు అది పగలలేదని తేల్చుకోండి. ప్లగ్ తీసి, రాయి విప్పి, రంధ్రంలో వేలు దూర్చి వేలాడదీసి, స్క్రూడ్రైవర్ చెక్క పిడితో అంచుకు దగ్గరగా రెండు మూడు చోట్ల తట్టండి. ఖంగుమంటే బాగుంది. మట్టి పిడత తట్టినట్టు డబ్బుమంటే పారేయండి, జాలిపడొద్దు.

తిరిగి బిగించేటప్పుడు రెండు వైపులా కాగితపు వాషర్లు ఉండాలి. పని ఆనించే రెస్టుకూ రాయికీ మధ్య సందు 3 మి.మీ. మించకూడదు, పైన నాలుకలా ఉండే పట్టీకి 6 మి.మీ. లోపు. రాయి అరిగేకొద్దీ వీటిని జరపాల్సిందే. సందు పెరిగితే ముక్క అందులోకి దిగి ఇరుక్కుంటుంది, వేలు దాని వెంటే వెళుతుంది. స్విచ్ వేశాక పక్కన నిలబడి ఒక నిమిషం ఊరికే తిరగనివ్వండి. చేతికి గ్లోవ్స్ వద్దు, కంటికి అద్దాలు తప్పనిసరి. అల్యూమినియానికి ఆకురాయే మేలు. పళ్లకు సుద్దముక్క రుద్దితే రజను పట్టుకోదు.

ప్రశ్న: పానాలు, ఉలులు మూత ఉన్న పెట్టెలో పెట్టినా తుప్పు పడుతున్నాయి. ఎందుకు?

జవాబు: రాత్రి చల్లబడిన ఇనుముకు పొద్దున తేమగాలి తగిలితే పైన కంటికి ఆనని నీటి పొర కడుతుంది. మూత గాలిని ఆపలేదు. పెట్టెలో స్పాంజి పరిచి ఉంటే ఇంకా నష్టం, అది తేమను పట్టి ఉంచుతుంది.

అసలు తేమ నేల నుంచి వస్తోందా, గాలి నుంచా అన్నది చూడండి. మూరెడు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో నేలకు అంటించి ఒక రోజు వదిలేయండి. కాగితం అడుగున చెమ్మ పడితే నేలది, పైన పడితే గాలిది. నేలదైతే అల్మారాను కాళ్ల మీద లేపి, గోడకు నాలుగు వేళ్ల దూరం జరపండి. నేలకు ఎపాక్సీ పూత వేయించాలని ఉన్నా ఆగండి, ఆ చెమ్మ మీద అది పొక్కులొచ్చి లేచిపోతుంది. గాలిదైతే పని అయ్యాక చేతి చెమట తుడిచి, నూనె గుడ్డతో పలచగా రాసి పెట్టండి.

ఇంకో సంగతి. బాత్రూము కడిగే యాసిడ్ సీసా గ్యారేజీలో ఉంటే ఈ రోజే బయట పెట్టేయండి. మూత బిగించినా దాని ఆవిరి పోతూనే ఉంటుంది, ఆ గదిలో ఎంత నూనె రాసినా పనిముట్లు నిలవవు.

ప్రశ్న: చెక్కకు అవిసె నూనె పట్టించాక గుడ్డలు డబ్బాలో పడేస్తాం. పెట్రోలు క్యాను కూడా పక్కనే ఉంటుంది. ప్రమాదమా?

జవాబు: చాలా ప్రమాదం. అవిసె నూనె ఆరడమంటే గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం, అందులో వేడి పుడుతుంది. ముద్దగా పడేసిన గుడ్డల్లో ఆ వేడి బయటికి పోలేక, ఎవరూ నిప్పు పెట్టకుండానే కొన్ని గంటల్లో మంట లేస్తుంది. ఒక్కో గుడ్డనూ విప్పి, ఒకదాని మీద ఒకటి పడకుండా ఆరుబయట ఆరేయండి. గట్టిగా బిరుసెక్కాకే పారేయాలి. వెంటనే కుదరకపోతే నీళ్లు పోసిన ఇనుప డబ్బాలో ముంచి మూతపెట్టండి.

పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు. నేల వెంట పాకి కంప్రెసర్ స్విచ్ దాకా, గ్రైండర్ నిప్పురవ్వల దాకా పోతుంది. క్యానును ఎండ తగలని, గాలి ఆడే చోట గ్యారేజీ బయట ఉంచండి. ఏబీసీ పొడి నింపిన అగ్నిమాపక సిలిండర్‌ను బెంచి పక్కన కాకుండా తలుపు దగ్గర తగిలించండి, అందుకోవడానికి మంట దాటి వెళ్లాల్సిన అవసరం రాకూడదు.